పుష్కరం పాటు పడుకున్న లారీ ఇంజిన్‌ను లేపడం ఎలా

చెన్నైలో మాధవరం వైపు ఉన్న మా షెడ్డులో ఒకప్పుడు రెండు టాటా 1210 లారీలు పక్కపక్కనే పడి ఉండేవి. మొదటిదాన్ని లేపే ప్రయత్నం నాలుగు నిమిషాల్లో ముగిసింది. గొలుసు కట్టి ఇంకో లారీతో లాగించారు. డ్రైవరు రెండో గేరులో క్లచ్ వదిలాడు. లోపల ఎవరో సమ్మెటతో కొట్టినట్టు ఒక్క చప్పుడు. కనెక్టింగ్ రాడ్ విరిగి, బ్లాకును చీల్చుకుని బయటికి వచ్చింది. గాలి గొట్టం మీద మూత ఎప్పుడో ఊడిపోయిందట. ఆరు వర్షాకాలాల నీటిలో కొంత అటునుంచి దిగి ఒక సిలిండరులో చేరి ఉందని తర్వాత తెలిసింది. నీరు గాలిలా అణగదు. పైకి వచ్చే పిస్టన్ నీటిని గుద్దితే ఏదో ఒకటి విరగక తప్పదు. ఆ ఇంజిన్‌ను కిలోల లెక్కన అమ్ముకున్నాం.

రెండోది 2012లో నిలిపిన బండి. దాన్ని 2024లో లేపడానికి 23 రోజులు పట్టింది. అది ఇప్పుడు నడుస్తోంది.

ఏళ్ల తరబడి నిలిచి ఉండటం వల్ల ఇంజిన్‌కు జరిగే నష్టంలో చాలా భాగం సరిచేసుకోదగ్గదే. లేపే రోజున మొదటి పది సెకన్లలో జరిగే నష్టానికే మందు లేదు. అందుకే ఈ వ్యాసంలో సెల్ఫ్ మోటారు (ఇంజిన్‌ను తిప్పి స్టార్ట్ చేసే కరెంటు మోటారు) చాలా ఆలస్యంగా వస్తుంది. అప్పటిదాకా పని అంతా చేతులదీ, పానాలదీ.

ఇక్కడ చెప్పేదంతా వరుస పంపు (ఒక్కో సిలిండరుకు ఒక్కో చిన్న పంపు వరుసగా ఉండే డీజిల్ పంపు) ఉన్న పాతకాలపు డీజిల్ ఇంజిన్ల గురించి: టాటా 692, 697, పాత లేలాండ్ కామెట్ వంటివి. 692 అన్న అంకెలోనే దాని పుట్టుక ఉంది, ఆరు సిలిండర్లు, 92 మిల్లీమీటర్ల బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు. టాటాలు 1954 నుంచి 1969 దాకా జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీలు చేసిన కాలం వారసత్వం వీటిలో ఉంది. ఈ ఇంజిన్లలో కంప్యూటరు లేదు, సెన్సర్లు లేవు. ఓపిక ఉన్నవాడు షెడ్డులోనే లేపగలడు. కామన్ రైల్ (కంప్యూటరు అదుపులో డీజిల్ చిమ్మే పద్ధతి) వచ్చిన తర్వాతి బళ్లకు ఈ పద్ధతి పూర్తిగా సరిపోదు.

ముందు బండిని కాదు, మనుషుల్ని అడగండి

బానెట్ ఎత్తే ముందు ఆ బండిని చివరిసారి నడిపినవాళ్లను వెతకండి. నడుస్తూ ఉన్నదాన్నే తెచ్చి నిలిపారా, పాడైతే నిలిపారా అన్నది మొదటి ప్రశ్న. రెండింటికీ చాలా తేడా ఉంది. మొదటిదైతే మీ శత్రువు తుప్పు ఒక్కటే. రెండోదైతే తుప్పు కింద పాత రోగం కూడా దాగి ఉంటుంది.

మా బాబాయిని అడిగితే "బండికేమిరా, బంగారంలా ఉండేది" అన్నాడు. మూడు రోజుల తర్వాత భోజనాల దగ్గర ఇంకో మాట గుర్తుకొచ్చింది: "చివరి ట్రిప్పులో నాయుడుపేట నుంచి వస్తూ రెండుచోట్ల రేడియేటర్‌లో నీళ్లు పోశాం." ఆ ఒక్క వాక్యం మాకు వారం రోజుల పని మిగిల్చింది. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ పైన ఉండే హెడ్‌కూ మధ్య పెట్టే పలక) మీద అప్పుడే అనుమానం పెట్టుకున్నాం.

చెన్నైలో తప్పక అడగాల్సింది ఇంకొకటి ఉంది: బండి నీట మునిగిందా? 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు మునిగిన బళ్లు తక్కువేమీ కాదు. గోడల మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో చూడండి. మునిగిన బండి అయితే నాజిళ్లు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) విప్పి నీరు బయటికి పోయే దారి చేసేదాకా ఇంజిన్‌ను చేత్తో కూడా కదపకండి. గేరుబాక్సు, డిఫరెన్షియల్ ఆయిళ్లు కూడా పారబోయాల్సిందే.

షెడ్డులో మొదటి రోజు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ పనికి దిగకండి. ఈశాన్య రుతుపవనాల వేళ విప్పిన భాగం సాయంత్రానికే ఎర్రబడుతుంది. సంక్రాంతి తర్వాత మొదలుపెట్టడం మేలు. ఎన్నూరు, మణలి వైపు సముద్రపు గాలి తగిలే షెడ్లలో రాగి కొసలన్నీ పచ్చగా పూచి ఉంటాయి. కంటికి కనిపించే పచ్చదనం అంత ఉంటే కనిపించని చోట ఇంకా ఎంతో ఉంటుందని లెక్కవేసుకోండి.

చక్రాలకు రెండు వైపులా దుంగలు పెట్టండి, హ్యాండ్ బ్రేకును నమ్మవద్దు. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో లీవరును కదిపి చూసుకోండి. బ్యాటరీ ఉంటే వైర్లు తీసేయండి. చేయి పెట్టే ముందు ప్రతి సందులోనూ కర్రతో తట్టండి. పుళల్ చెరువు చుట్టుపక్కల షెడ్లలో పాములు కొత్త కాదు. మా బండి ఎయిర్ క్లీనరులో ఎలుక కాపురం పెట్టి, చిరిగిన గోనెపట్టాతో పరుపు కూడా అమర్చుకుంది. సైలెన్సర్ గొట్టం చివర కందిరీగల మట్టిగూళ్లు ఉన్నాయేమో చూడండి. గాలి గొట్టాన్ని ఎయిర్ క్లీనర్ నుంచి మానిఫోల్డు దాకా పూర్తిగా విప్పి, లోపల టార్చి వేసి చూడటం ఈ రోజు చేయాల్సిన ముఖ్యమైన పని. అక్కడ నీటి మరక, తుప్పు చారిక కనిపిస్తే మా మొదటి లారీని గుర్తుచేసుకోండి.

విప్పే ముందు ప్రతిదానికీ ఫోనులో ఫొటో తీయండి. విప్పిన ప్రతి గొట్టం నోటికీ శుభ్రమైన ప్లాస్టిక్ కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. గుడ్డ పీలికలు కుక్కవద్దు. ఒకటి లోపల ఉండిపోతే చివరికి అదే మిమ్మల్ని ఏడిపిస్తుంది.

ఆయిల్ చూసి జాతకం చెప్పవచ్చు

డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ నల్లగా ఉంటే దిగులు లేదు. కాఫీలో పాలు కలిసిన రంగులో ఉంటే నీరు చేరింది. మట్టం పై గీతను దాటి ఉంటే నీరో డీజిలో కిందికి దిగింది. కొసకు అంటిన చుక్కను వాసన చూస్తే డీజిల్ సంగతి తేలిపోతుంది.

ఇప్పుడు చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ప్లగ్గును పూర్తిగా విప్పకుండా, సగం వదులు చేసి పట్టుకోండి. నీరు ఆయిల్ కంటే బరువు కాబట్టి ఏళ్ల తరబడి కదలని చాంబర్‌లో అది అడుక్కి చేరి ఉంటుంది. ముందు వచ్చేది నీరే. చెంచాడు వస్తే అది తేమ పేరుకున్నది, గాలిలో ఇంత ఉక్క ఉన్న ఊరిలో మామూలే. లీటర్ల కొద్దీ వస్తే రేడియేటర్ నుంచో పైనుంచో దారి ఉన్నట్టు. మాకు అర గ్లాసు వచ్చింది. బాబాయి చెప్పిన మాటతో కలిపి చూస్తే అది మరీ తక్కువా కాదు, భయపడాల్సినంతా కాదు.

పాత ఆయిల్ ఫిల్టరును పారేయకండి, కోసి మడతలు విప్పి ఎండలో పట్టి చూడండి. ఇత్తడి రంగు తళుకులు కనిపిస్తే బేరింగులు అరిగాయి, ఇనుప రజను అయస్కాంతానికి అంటుకుంటుంది. ఇలా తళుకులు నిండుగా ఉంటే ఇక లేపే మాట పక్కన పెట్టి ఇంజిన్ దించడమే మంచిది.

కొత్త ఆయిల్ ఇప్పుడే నింపవద్దు. ఎందుకో కింద తెలుస్తుంది.

చేత్తో తిప్పడం

ఈ పని మొత్తంలో అసలు ఘట్టం ఇదే. మా 23 రోజుల్లో తొమ్మిది రోజులు దీనికే పోయాయి.

ముందు నాజిళ్లు విప్పాలి. పుస్తకాల్లో ఇంజెక్టర్లంటారు, లారీ వాళ్ల నోట నాజిళ్లే. వాటి చుట్టూ పేరుకున్న మట్టిని బ్రష్షుతో, గాలితో పూర్తిగా ఊదేశాకే పానా పెట్టండి, లేకపోతే ఆ మట్టి నేరుగా సిలిండరులో పడుతుంది. నాజిల్ రాకపోతే గూటం పెట్టి ఎత్తవద్దు. చుట్టూ డీజిల్ పోసి ఒక రాత్రి ఉంచి, మర్నాడు అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ తీయండి. అడుగున ఉండే రాగి వాషరు నాజిల్‌తో పాటు వచ్చిందో, లోపలే ఉండిపోయిందో లెక్క చూసుకోండి. ఏ నాజిల్ ఏ సిలిండరుదో నంబరు రాసి పెట్టండి.

నాజిళ్లు తీసేస్తే రెండు లాభాలు. సిలిండరులో నీరు ఉన్నా ఆ రంధ్రం గుండా బయటికి చిమ్ముతుంది, ఏమీ విరగదు. కంప్రెషన్ లేదు కాబట్టి ఇంజిన్ తేలికగా తిరుగుతుంది. తిరగకపోతే ఎక్కడో పట్టేసిందని చేతికి వెంటనే తెలుస్తుంది. ఫోనుకు తగిలించే సన్నటి కెమెరా గొట్టాలు ఇప్పుడు చవకగా దొరుకుతున్నాయి. ఒకటి కొని ప్రతి సిలిండరులోకీ దించి చూడండి. మా బండిలో నాలుగు బోర్లు మెరుస్తున్నాయి, ఒకటి మసకగా ఉంది, ఆరోదానికి మాత్రం గోడ మీద చంద్రవంకలా తుప్పు గీత. పిస్టన్ పన్నెండేళ్లు ఆగిన చోట, తెరిచి ఉన్న వాల్వు గుండా తేమ దిగిన గుర్తు అది.

ప్రతి సిలిండరులోనూ 50 మిల్లీలీటర్ల చొప్పున డీజిలు, ఏటీఎఫ్ ఆయిల్ (ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో పోసేది) సగం సగం కలిపి పోయండి. ఇది పిస్టన్ రింగుల సందుల్లోకి ఇంకుతుంది. రెండు రోజులు వదిలేయండి. ఇందులో కొంత చాంబర్‌లోకి దిగిపోతుంది, అందుకే కొత్త ఆయిల్ నింపవద్దన్నది.

ఈలోగా వాల్వు కవరు తీసి రాకర్ల (వాల్వులను నొక్కే చేతుల) మీద, వాల్వు కాడల మీద ఆయిల్ చుక్కలు వేయండి. ఏ వాల్వు స్ప్రింగైనా మిగతావాటి కంటే కిందికి అణిగి, పైన సందు ఎక్కువగా కనిపిస్తే ఆ వాల్వు గైడులో పట్టేసింది. పట్టేసిన వాల్వుతో ఇంజిన్ తిప్పితే పుష్ రాడ్డు వంగుతుంది, లేదా పిస్టన్ వచ్చి వాల్వును తంతుంది. దాన్ని మెల్లగా తట్టి, నూనె వేసి, స్వేచ్ఛగా ఆడేదాకా ముందుకు పోకండి. ఫ్యాన్ బెల్టులు కూడా తీసేయండి. పట్టేసింది ఇంజిన్ కాదు, వాటర్ పంపో డైనమోనో అయి ఉండవచ్చు.

మూడో రోజు ఇంజిన్ ముందు కొసన ఉండే క్రాంకు పుల్లీ బోల్టుకు సాకెట్ వేసి, పొడవాటి రాడ్డు తగిలించి, ఇంజిన్ ముందు నిలబడి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు లాగండి. బలం చూపించే పోటీ కాదు ఇది. ఒక మనిషి నిలకడగా లాగితే వచ్చినంతే బలం. కదలకపోతే అవతలి వైపు కాస్త, ఇవతలి వైపు కాస్త. వెంట్రుకవాసి కదిలినా అది గెలుపే. మళ్లీ నూనె పోసి మర్నాటికి వదిలేయండి. రోజుకు రెండుసార్లు ఇలా చేస్తూ పోతే తుప్పు పొడిగా రాలి కరుగుతుంది.

చేతికి తగిలే అడ్డులో రెండు రకాలున్నాయి. మెత్తగా, రబ్బరును సాగదీస్తున్నట్టు ఉంటే రింగులు పట్టేసినట్టు, అది వదులుతుంది. ఒక చోటుదాకా హాయిగా వచ్చి టక్కున రాయికి తగిలినట్టు ఆగితే లోపల ఇనుము ఇనుముకు తగులుతోంది: వాల్వో, విరిగిన ముక్కో, ఎవరో జారవిడిచిన నట్టో. అక్కడ బలం పెట్టకండి. వెనక్కి తిప్పి కెమెరా దించండి.

నాలుగో రోజుకు నాకు ఓపిక పోయింది. మా మెకానిక్‌ను అడిగాను, "అన్నా, ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూద్దామా, కదిలితే కదులుతుంది." ఆయన పళ్లెంలో ఇడ్లీ ముగించి అన్నాడు: "సెల్ఫ్ మోటారుకు చేతులు లేవు తమ్ముడూ. దానికి అడ్డు తెలియదు." ఆరో రోజు సాయంత్రం పుల్లీ మీద సుద్దముక్కతో గీసిన గీత రెండు అంగుళాలు జరిగింది. తొమ్మిదో రోజు పూర్తి చుట్టు తిరిగింది.

ఒక చుట్టు చాలదు. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ప్రతి వాల్వూ ఒకసారి తెరుచుకుని మూసుకోవాలంటే క్రాంకు రెండు చుట్లు తిరగాలి. సుద్ద గీతను చూసుకుంటూ రెండు చుట్లు, ఆపై మరో పది తిప్పండి. వాల్వు కవరు తీసి ఉంచితే పన్నెండు వాల్వులూ వంతులవారీగా దిగి లేస్తున్నాయో లేదో కళ్లారా చూడవచ్చు. వారం పది రోజులు గడిచినా కదలని ఇంజిన్‌కు హెడ్ దించి, చాంబర్ విప్పడమే దారి. అది ఇక లేపడం కాదు, ఓవరాలింగ్.

నీళ్ల సంగతి

రేడియేటర్, బ్లాకు రెండింటి డ్రైన్లూ తెరిచి మడ్డి అంతా పోయేదాకా కడగండి. హోసులను చేత్తో నొక్కితే కరకరమన్నా, ఉబ్బి మెత్తబడినా కొత్తవి వేయండి. బేరం ఆడదగ్గ వస్తువులు కావు అవి. బ్లాకు పక్కన ఉండే గుండ్రటి రేకు మూతలను స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి, తుప్పు తిన్నది గుల్ల శబ్దం చేస్తుంది.

తర్వాత నీళ్లు నింపి, ఒక రాత్రి వదిలేసి, పొద్దున్నే చాంబర్ ప్లగ్గు వదులు చేసి చూడండి. నీటి చుక్క కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్టో, లైనరు సీలో, పగిలిన బ్లాకో. ఈ పరీక్షకు ఖర్చు లేదు, ఇంజిన్ తిరగనక్కరలేదు. మాకు పొద్దున రెండు చుక్కలు వచ్చాయి. హెడ్ దించి చూస్తే ఆరో సిలిండరు పక్కన గ్యాస్కెట్ కాలిన గీత ఉంది. దించిన హెడ్‌ను లేత్ షాపులో చదును చూపించి, కొత్త గ్యాస్కెట్‌తో మాన్యువల్ చెప్పిన వరుసలో, చెప్పిన టార్కుకు బిగించాం. బాబాయి జ్ఞాపకశక్తికి ఆ రోజు దండం పెట్టాను.

చివర నింపేటప్పుడు బోరు నీళ్లు వాడకండి. ఉత్తర చెన్నై బోర్లలో చాలాచోట్ల ఉప్పు ఎక్కువ. శుద్ధి చేసిన నీరు, కూలెంట్ కలిపి పోయండి.

డీజిల్ వైపు: ప్రాణం తీసే పొరపాటు ఇక్కడే

ట్యాంకులో మిగిలిన డీజిల్‌ను పూర్తిగా తీసేయండి. పన్నెండేళ్ల డీజిల్ వార్నిషులా చిక్కబడి, ఘాటైన వాసన వేస్తుంది. అడుగున నీరు, నీటికీ డీజిల్‌కూ మధ్య నల్లటి జిగురు ఉంటే ఆశ్చర్యపోకండి, ఆ హద్దులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. ట్యాంకు దించి కడిగించండి. ఫిల్టర్లన్నీ కొత్తవి. ఫీడ్ పంపు కింద ఉండే చిన్న జల్లెడను చాలామంది మర్చిపోతారు, దాన్ని కూడా విప్పి కడగండి.

ఇక పంపు. వాడుకలో ఇప్పటికీ మైకో పంపే. 1951లో మొదలైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ పేరు 2008లో బాష్ అయింది కానీ లారీ వాళ్లు కొత్త పేరు పెద్దగా పట్టించుకోలేదు. వరుస పంపులో ఇంజిన్‌కు ఎంత డీజిల్ పోవాలో నిర్ణయించేది ఒక పళ్ల కడ్డీ, ర్యాక్ అంటారు. పాత డీజిల్ జిగురుకు ఈ ర్యాక్ గానీ, దానితో తిరిగే ప్లంజర్లు (డీజిల్‌ను నెట్టే సన్నటి పిస్టన్లు) గానీ పట్టేస్తాయి. అది పూర్తి డీజిల్ ఇచ్చే స్థానంలో పట్టేసి ఉండగా ఇంజిన్ అందుకుంటే వేగం పెరుగుతూనే పోతుంది. తాళం తిప్పినా ఆగదు, స్టాప్ లాగినా ఆగదు. గింగిరాలు కొట్టి ముక్కలయ్యే దాకా తిరుగుతుంది. ఆ ముక్కలు షెడ్డు రేకుల్ని దాటిపోతాయి.

కాబట్టి పంపు పక్క కవరు విప్పండి. యాక్సిలరేటర్ లీవరును కదిపితే ర్యాక్ నూనె పూసినట్టు జారాలి. స్టాప్ లీవరు లాగితే సున్నాకు వచ్చి, వదిలితే దానంతట అదే తిరిగి రావాలి. ఇంజిన్‌ను చేత్తో తిప్పిస్తూ ప్రతి ప్లంజర్ స్ప్రింగూ అణిగి లేస్తోందా చూడండి. ఒకటి అణిగే ఉండిపోతే శుభ్రమైన డీజిల్‌లో నానబెట్టండి, గూటం పెట్టి ఎత్తితే ప్లంజర్ గీరుకుపోతుంది. రెండు రోజులకూ వదలకపోతే పంపు దించి కాలిబ్రేషన్ (డీజిల్ కొలత సరిచేయడం) చేసేవాళ్లకు ఇవ్వడమే. మేము అదే చేశాం. పంపు దించేటప్పుడు టైమింగు గుర్తులు గీసుకోండి.

పంపు విప్పించినప్పుడే సీళ్లన్నీ మార్చమని చెప్పండి. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా వస్తున్న బీఎస్-6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎంకు మించదు. పాతకాలం డీజిల్‌లో ఏళ్లు నానిన రబ్బరు కొత్త డీజిల్ తగిలేసరికి ముడుచుకుని కారడం మొదలుపెట్టవచ్చు. పంపు బాగుంది కదా అని పాత సీళ్లతోనే బిగిస్తే నెలకే మళ్లీ దించుకోవాలి.

నాజిళ్లను పరీక్ష పంపు మీద చూపించండి. ఈ తరం ఇంజిన్లలో అవి చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోల ఒత్తిడి దగ్గర తెరుచుకుని, పొగమంచులా చిమ్మాలి. చుక్కలు కారుస్తూ పిచికారీలా కొడితే మార్చాలి. ఆ చిమ్మే మంచుకు చేయి అడ్డం పెట్టకండి. అంత ఒత్తిడిలో డీజిల్ చర్మాన్ని దాటి మాంసంలోకి దూరుతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది, నొప్పి కూడా ఉండకపోవచ్చు. అయినా ఆ నిమిషమే ఆసుపత్రికి వెళ్లాలి, ఆలస్యమైతే వేలు పోతుంది.

విడిభాగాల కోసం జనరల్ ప్యాటర్స్ రోడ్డు, పాత సరుకు కోసం పుదుప్పేట. రాగి వాషర్లు, గ్యాస్కెట్లు, సీళ్లు మాత్రం పాతవి ఎంత బాగున్నా కొనకండి.

కరెంటు పని

ఇక్కడ ఎక్కువ చెప్పను. బండి 12 వోల్టులదా 24 వోల్టులదా అన్నది సెల్ఫ్ మోటారు మీద చూసి తెలుసుకోండి, ఊహించవద్దు. ఎర్త్ పట్టీ తగిలే చోటు గీకి మెరిసే ఇనుము బయటపెట్టండి. సెల్ఫ్ మోటారును దించి, బల్ల మీద ఒకసారి తిప్పించి చూడండి. ఎలుకలు కొరికిన పాత వైరింగును మొదటి స్టార్టుకు అసలు కలపకండి. బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కు విడిగా మందపు వైరు చాలు, మధ్యలో ఒక తెంపు స్విచ్ పెట్టుకోండి.

నిప్పు లేకుండా తిప్పడం

ఇప్పుడు కొత్త ఆయిల్, కొత్త ఫిల్టరు. 15డబ్ల్యు-40 మామూలు మినరల్ ఆయిల్ సరిపోతుంది, ఎందుకంటే దీన్ని త్వరలోనే పారబోస్తాం. నిలువుగా కూర్చునే ఫిల్టరు అయితే ముందే ఆయిల్‌తో నింపి బిగించండి. టర్బో ఉన్న ఇంజిన్‌లో ఆయిల్ గొట్టం విప్పి, టర్బో లోపలికి నేరుగా కొంత పోయండి.

డ్యాష్‌బోర్డులోని పాత గేజిని నమ్మకండి. బ్లాకు మీద సెన్సరు ఉండే చోట ఒక మెకానికల్ ఆయిల్ గేజి తాత్కాలికంగా బిగించండి. నాజిళ్లు ఇంకా పెట్టలేదు, స్టాప్ లీవరు లాగి కట్టేసి ఉంది. అంటే ఇంజిన్ అందుకునే ప్రసక్తే లేదు. ఇప్పుడు మొదటిసారి సెల్ఫ్ తిప్పండి. పది సెకన్లు, తర్వాత ఒక నిమిషం విరామం. సిలిండర్లలో మిగిలిన నానబెట్టిన నూనె అంతా నాజిల్ రంధ్రాల గుండా పైకి చిమ్ముతుంది. మొహం పక్కకు పెట్టుకోండి, పైన గోనెపట్టా కప్పండి. ఈ నూనెను బయటికి పంపకుండా నాజిళ్లు బిగిస్తే అదే నీటిలా అడ్డుపడుతుంది, లేదా ఇంధనంలా అంటుకుని ఇంజిన్‌ను పరుగెత్తిస్తుంది.

గేజి ముల్లు లేచేదాకా, రాకర్ల దగ్గర ఆయిల్ ఊరేదాకా ఇలా తిప్పండి. మాకు ఆరు విడతలు పట్టింది. అయిదో విడతకు కూడా ముల్లు కదలకపోతే మా మెకానిక్ మొహంలో రంగు మారింది. ఆరోసారికి అది ఊగి, పైకి లేచి నిలబడింది.

ఆ తర్వాత కొత్త రాగి వాషర్లతో నాజిళ్లు బిగించి, చల్లటి ఇంజిన్ మీద ఫీలర్ గేజితో టాపెట్లు, అంటే రాకర్లకూ వాల్వులకూ మధ్య సందు, సరిచూసుకోండి. అంకెలు మాన్యువల్‌లోవి, ఎవరి నోటి లెక్కా వద్దు. ఫైరింగ్ వరుస (సిలిండర్లు ఒకదాని తర్వాత ఒకటి మండే వరుస) 1-5-3-6-2-4. హ్యాండ్ ప్రైమర్ (డీజిల్ ఎక్కించే చేతి పంపు) కొడుతూ ఫిల్టరు దగ్గర, తర్వాత పంపు దగ్గర ఎయిర్ స్క్రూలు వదులు చేసి, నురగ పోయి నిండు ధార వచ్చాక బిగించండి. నాజిళ్ల దగ్గర గొట్టాల నట్లు అర చుట్టు వదులుగా ఉంచి సెల్ఫ్ తిప్పితే అక్కడి గాలి కూడా పోతుంది. గుడ్డ కప్పి చేయండి, వేళ్లు దూరంగా ఉంచండి.

స్టార్ట్ చేసే రోజు

ఎయిర్ క్లీనర్ బిగించకండి. మానిఫోల్డు నోరు తెరిచి ఉండాలి, దాని పక్కన ఒక మనిషి మందపాటి చెక్కపలకతో నిలబడాలి. ఇంజిన్ అదుపు తప్పి పరుగెత్తితే డీజిల్ ఆపినా ప్రయోజనం ఉండకపోవచ్చు, గాలి ఆపడమొక్కటే మార్గం. అరచేయి అడ్డం పెట్టకూడదు, గుడ్డ కూడా వద్దు, లోపలికి పీల్చేసుకుంటుంది. రెండో మనిషి స్టాప్ లీవరు దగ్గర. మూడో మనిషి గేజి చూస్తూ. చుట్టూ చేరిన పిల్లల్ని, పక్క షెడ్డు వాళ్లను దూరంగా పంపేయండి, ముఖ్యంగా ఫ్యాన్ ఎదురుగా ఎవరూ ఉండకూడదు. షెడ్డు తలుపులన్నీ తెరిచి ఉంచండి, పొగ విషం.

స్టార్టింగ్ స్ప్రే వాడమని ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు. చెన్నై ఎండలో దాని అవసరం లేదు. పొడి బోరులో అది పేలే తీరుకు రింగులు విరుగుతాయి.

సెల్ఫ్ తిప్పండి. పది సెకన్లు, విరామం, మళ్లీ. ముందు సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ సన్నగా రావాలి, అంటే డీజిల్ చేరుతోంది. తర్వాత ఒక సిలిండరు అందుకుంటుంది, తర్వాత ఇంకొకటి. కుంటుతూ, దగ్గుతూ, వణుకుతూ మొదలవుతుంది. యాక్సిలరేటర్ జోలికి పోకండి. అందుకున్న పది సెకన్లలో గేజి ముల్లు లేవకపోతే ఆపేయండి, ఎంత ముద్దొచ్చినా సరే.

రెండు నిమిషాల తర్వాత మీరే ఆపండి. కారుతున్న చోట్లన్నీ చూడండి, ఆయిల్ మట్టం, నీటి మట్టం చూడండి. అన్నీ సరిగా ఉంటే మళ్లీ స్టార్ట్ చేసి ఈసారి వేగం కాస్త పెంచి, నిమిషానికి 1000 చుట్ల దరిదాపుల్లో ఉంచి నీరు వేడెక్కనివ్వండి. వేడెక్కే కొద్దీ తెల్లపొగ తగ్గాలి. తగ్గకుండా నీటి మట్టం పడిపోతుంటే గ్యాస్కెట్ మాట మళ్లీ ఆలోచించాలి. నీలి పొగ రింగులది, కొన్ని గంటలు నడిచాక రింగులు విడివడి చాలావరకు తగ్గుతుంది. బ్రీదర్ (చాంబర్‌లోని గాలి బయటికి పోయే గొట్టం) నుంచి రైలింజన్‌లా పొగ కొడుతూ, బరువు మీద నడిపినా తగ్గకపోతే రింగులు చచ్చాయని ఒప్పుకోండి. నల్లపొగ అయితే గాలి దారి, నాజిళ్లు చూడండి. కింద నుంచి లోతుగా టక్ టక్‌మనే చప్పుడు వస్తే మాత్రం చర్చ వద్దు, ఆపేయడమే.

ఆ తర్వాత

మొత్తం గంట సేపు నడిచాక ఆయిల్ వేడిగా ఉండగానే ఫిల్టరుతో సహా మార్చండి. మేము తీసిన ఆయిల్ తుప్పు పొడితో గోధుమ రంగుకు వచ్చింది. టాపెట్లు మరోసారి చూడండి, హెడ్ దించి ఉంటే మాన్యువల్ చెప్పినప్పుడు మళ్లీ బిగింపు చూసుకోండి. క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు అంటుకుపోయి ఉండవచ్చు, గేరులో పెట్టే ముందు ఇంజిన్ ఆపి పెడలు పని చేస్తోందో లేదో తేల్చుకోండి.

ఇంజిన్ తిరిగింది కదా అని గేటు దాటించకండి. ఎయిర్ ట్యాంకుల్లో నీరు, బ్రేకు డయాఫ్రమ్‌లలో పగుళ్లు, పైకి నల్లగా నిగనిగలాడుతూ లోపల పొడిబారిన టైర్లు, ఇవన్నీ విడిగా ఒక పని. కాగితాల పని ఇంకోటి: ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఫిట్‌నెస్ ఏటా చూపించాలి, ఇన్సూరెన్సు, పొగ సర్టిఫికెట్, పన్ను బకాయి అన్నీ తేల్చుకోవాలి.

మా బండికి ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, వచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది. అప్పటిదాకా పది రోజులకొకసారి స్టార్ట్ చేశాం. బాబాయి అయిదు నిమిషాలు తిప్పి, శబ్దం విని సంతోషపడి ఆపేసేవాడు. అంత తక్కువ సేపు తిప్పితే కాలిన డీజిల్ నుంచి పుట్టిన తేమ చాంబర్‌లోనే చల్లబడి మళ్లీ నీరవుతుందని చెప్పాక, నీటి గేజి పూర్తిగా ఎక్కి అరగంట దాటేదాకా పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు.